అట్ట అడ్డం పెట్టి తీసిన ఆకాశం

నేను తీసిన ఒక ఫోటోను చూసి, ఒక మనిషి తను చేయని పనిని చేశానని ఒప్పుకున్నాడు. అతన్ని ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఫోటో తెచ్చి ముందు పెట్టారు, అంతే. రిటైరై ఇంట్లో కూర్చున్న ఇన్నాళ్ళకు కూడా, ఆ సంగతి నన్ను వదలలేదు.

దీపావళి దగ్గర పడితే చాలు, కొత్తగా కెమెరా కొన్న పిల్లలు ఎవరో ఒకరు మా ఇంటికి వస్తారు. "అంకుల్, ఆతిష్‌బాజీ ఫోటోలు మంచిగ రావాలంటె ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. ఆతిష్‌బాజీ అంటే మా వైపు బాణసంచా. నేను చెబుతాను. చెప్పడం అయ్యాక ఈ సంగతి కూడా మొదలుపెడతాను. సగం చెప్పేసరికి టీ గ్లాసు కింద పెట్టి లేచిపోయేవాళ్ళే ఎక్కువ. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. చదువుతూ మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు కాబట్టి మనసు కష్టపెట్టుకోను.

మాది బీదర్ బజారులో పప్పుల వ్యాపారం చేసుకునే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, దుకాణం మెట్టు దిగితే దక్కనీ. అన్నదమ్ముల్లో దుకాణం గద్దె మీద కూర్చోనని మొరాయించింది నేనొక్కణ్ణే. ఒక కన్నడ దినపత్రిక బీదర్ ఆఫీసులో ఫోటోగ్రాఫరుగా చేరి, అక్కడే నెత్తి నెరిసేదాకా పనిచేశాను. సైకిళ్ళ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో రిపోర్టరు, ఇంకో గదిలో పాత పేపర్లు. నాకు కుర్చీ ఉండేది కానీ ఎప్పుడూ దానిమీద రిపోర్టరు హెల్మెట్ ఉండేది.

ఆ రిపోర్టరు మంచివాడు. వార్త రాయడంలో చేయి తిరిగినవాడు. జరిగినచోటికి పోకుండానే రాయడంలో ఇంకా బాగా చేయి తిరిగినవాడు. నేను తెచ్చిన ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తూ, అందులో కనబడినదంతా తన కళ్ళతో చూసినట్టే రాసేవాడు. "నువ్వు పోయినవంటె నేను పోయినట్టే గదా భాయ్" అనేవాడు. ఆ మాటకు ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అప్పట్లో అందులో నవ్వు తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఇక ఆతిష్‌బాజీ మనిషి సంగతి. అతనిది నిర్ణా అనే ఊరు. కంది, సోయా వేసుకునే రైతు. తండ్రి నుంచి వచ్చిన పని కాబట్టి పెళ్ళిళ్ళకూ జాతరలకూ ఆతిష్‌బాజీ కాల్చేవాడు. లైసెన్సు ఉండేది. తల్లిది జహీరాబాద్ పక్క ఊరు, అందుకని మా ఇంటి తెలుగే మాట్లాడేవాడు. నన్ను అన్నా అనేవాడు, నాకు అతను నిర్ణా తమ్ముడు. ఏ జాతరలో ఎదురుపడినా ముందు నా దగ్గరికొచ్చి, "అన్నా, గాలి గిటు కొడుతుంది, పొగ నీ మీదికొస్తది, జర అటు జరుగు" అని నా స్టాండును తనే మోసుకెళ్ళి సరైనచోట పెట్టేవాడు. అతను అట్లా చేయి వేయకపోతే నా ఫోటోల్లో సగం పొగే ఉండేది.

షాట్, అంటే పైకి లేచి ఆకాశంలో పూవులా పేలేది, ముట్టించే ముందు అతనికొక అలవాటు. "పోతాందీ!" అని గొంతు చించుకుని అరిచేవాడు. అది వాళ్ళ నాయన నేర్పిన జాగ్రత్త. దగ్గర్లో ఎవరున్నా తప్పుకోవాలని ఆ కేక. జనం చప్పట్లు కొట్టినా, డప్పులు మోగినా, ఆ కేక వేయకుండా ఒత్తికి నిప్పు పెట్టేవాడు కాదు. నాకు మాత్రం ఆ కేక ఇంకో పనికి ఉపయోగపడేది.

ఆ పని ఏమిటో చెప్పాలంటే, ఆతిష్‌బాజీ ఫోటో ఎట్లా తీస్తామో కొంచెం చెప్పాలి. విసుక్కోకండి, ఇది తెలియకపోతే ముందుది అర్థం కాదు. కెమెరాను స్టాండుకు బిగించాలి. ఫ్లాష్ జోలికి పోవద్దు, అది ఆకాశం దాకా పోదు. కెమెరా కన్ను తెరిచి అట్లాగే పట్టి ఉంచాలి. చీకట్లో ఎంతసేపు తెరిచి ఉంచినా నష్టం లేదు, వెలుగు మాత్రమే గీతలు గీస్తుంది. ఒక షాట్ లేచి, విచ్చుకుని, రాలిపోయిందా, వెంటనే లెన్సు ముందు ఒక నల్ల అట్ట అడ్డం పెట్టాలి. కన్ను మూయకూడదు, తెర వేయాలి. తర్వాతి షాట్ లేచేటప్పుడు అట్ట తీయాలి. ఇట్లా నాలుగైదు సార్లు తీసి పెట్టి, చివరికి కన్ను మూస్తే, ఒకదాని తర్వాత ఒకటి పేలినవన్నీ ఒకే ఫోటోలో పక్కపక్కన నిండుగా విచ్చుకుని కనిపిస్తాయి. ఒక్క షాట్ తీస్తే ఫోటో బోసిగా ఉంటుంది. అందుకే ఈ పని తెలిసినవాళ్ళం అందరం ఇట్లాగే తీసేవాళ్ళం. నా అట్టకు మా ఇంట్లో విరిగిపోయిన గొడుగు గుడ్డ అతికించుకున్నాను. అట్ట ఎప్పుడు తీయాలో నాకు చెప్పేది ఆ కేకే. "పోతాందీ" అని వినబడగానే నా చేయి దానంతట అదే అట్ట తీసేది.

ఈ సంగతి జరిగిన ఏడు, ఊరి చివర చిద్రి దాటాక ఉన్న ఎర్ర మొరం మైదానంలో జాతర పెట్టారు. కమిటీకి పెద్ద మా బజారు మనిషే, పప్పుల హోల్‌సేల్ ఆయన, నాకు వరుసకు మామ. ఆతిష్‌బాజీకి అనుమతి ఇచ్చేటప్పుడు అధికారులు ఒక షరతు పెట్టారు. ఒక షాట్ కాల్చాక అది ఎక్కడ రాలిందో చూసుకుని గానీ ఇంకోటి ముట్టించకూడదు. మైదానం అంచున దుకాణాల వరుస ఉంది, వాటిమీద ప్లాస్టిక్ పరదాలు ఉన్నాయి, అందుకని.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు జనం కిక్కిరిశారు. కొల్హార్ కార్ఖానాల్లో షిఫ్టు దిగినవాళ్ళు ఆటోల్లో వేలాడుతూ వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చింది, తన చెల్లెలి కుటుంబంతో నాకు కాస్త ఎడంగా నిలబడింది. నిర్ణా తమ్ముడు నా స్టాండు మార్చిపెట్టి వెళ్ళాడు. ఆ తర్వాత మొదలైంది. "పోతాందీ!" అట్ట తీశాను. ఎర్రది విచ్చుకుంది. అట్ట పెట్టాను. అతను మెడ సాచి, రవ్వలు ఎక్కడ రాలాయో చూశాడు. మళ్ళీ "పోతాందీ!" అట్ట తీశాను. పచ్చది. అట్ట పెట్టాను. ఇట్లా చాలా ఫోటోలు తీశాను. వాటిలో ఒకటి, ఏం చెప్పను, నా జన్మలో అంత మంచిది తీయలేదు. కింద జాతర దుకాణాల దీపాలు, మధ్యన మైదానం వెనకున్న ఎర్ర గుట్ట, పైన ఆకాశం అంచు నుంచి అంచు దాకా రంగురంగుల పూలు, ఒకదాన్ని ఒకటి తాకకుండా. కెమెరా తెర మీద చూసుకుని నాకు నేనే శభాష్ అనుకున్నాను. పేజీ ముగించే వేళయిందని అక్కడి నుంచే ఆఫీసుకు పంపించేశాను.

కెమెరా సంచీలో పెట్టుకుంటుండగా దుకాణాల వైపు నుంచి అరుపులు వినిపించాయి. పరదాలు అంటుకున్నాయి. జనం పరుగులు. నీళ్ళ ట్యాంకరు వచ్చేసరికి వరుసలో సగం కాలిపోయింది. గాజుల దుకాణం ఆమెకు రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ప్రాణం దక్కింది కానీ, గాజులు తొడిగి బతికే మనిషికి చేతులు కాలితే ఏం మిగులుతుంది?

తెల్లవారి పేపరు చూశాను. జిల్లా అనుబంధం మొదటి పేజీలో నా ఫోటో పేజీ అంత వెడల్పున ఉంది. దానికింద రిపోర్టరు రాసిన మాట: "ఒక్కసారిగా వెలిగిన ఆకాశం." ఆ మాట కింద, ఆఖరి నిమిషంలో ఇరికించిన చిన్న వార్త: జాతరలో అగ్నిప్రమాదం, మహిళకు గాయాలు. ఫోటో ఒకరు పంపారు, వార్త ఒకరు చేర్చారు, పేజీ ఇంకొకరు కట్టారు. చదివేవాడి కంటికి మాత్రం మూడూ ఒకే ముక్క. ఆకాశమంతా ఒక్కసారి అంటించారు, అందుకే కింద నిప్పు పడింది. నాకు కూడా ఆ పొద్దున అది తట్టలేదు. ఫోటో ఎంత బాగా అచ్చయిందో చూసుకుని మురిసిపోయాను.

ఆ ఫోటో ఊరంతా తిరిగింది. ఫోన్లలో, దుకాణాల గోడల మీద, ఒక హోటలు గల్లా వెనక కూడా. మీరు అడుగుతారు, జనం దగ్గర వీడియోలు లేవా అని. ఉన్నాయి. ఒక్కొక్కటి చిటికె వేసినంతసేపు. షాట్ పేలేటప్పుడు మొదలై, "అబ్బా" అనగానే ఆగిపోతాయి. వాటిని చూసి ఏదీ తేల్చలేం. మా మరదలు కొడుకు మొత్తం తీశాడట. ఏదిరా అంటే, "పెద్దనాన్నా, నీ ఫోటో గంత మంచిగున్నంక నా వీడియో ఎందుకని డిలీట్ చేసిన" అన్నాడు.

నిర్ణా తమ్ముణ్ణి పోలీసులు తీసుకెళ్ళారని తెలిసింది. ఆ తర్వాత బెయిలు మీద వచ్చాడనీ, విచారణ నడుస్తోందనీ తెలిసింది. లైసెన్సు ఆపేశారు. నేరం రుజువైతే జైలు. కమిటీ మామను అడిగితే, "మాదేమున్నది? పద్ధతి ప్రకారం కాల్చుమని చెప్పినం. వాడు జల్దీ ఇంటికి పోవాలని మొత్తం ఒక్కసారి ముట్టిచ్చిండు. నీ ఫోటోలనే ఉన్నది గదా" అన్నాడు. మామా, ఫోటో అట్లా తీసింది నేను, అతను ఒక్కొక్కటే కాల్చాడు అన్నాను. మామ నా భుజం మీద చేయి వేసి, "నువ్వు కెమెరాల తల పెట్టుకుని ఉన్నవ్. మేం కళ్ళతోని జూసినం" అన్నాడు.

సరే, కమిటీ మనిషి కాబట్టి తన నెత్తి మీదికి రాకుండా చూసుకుంటున్నాడు అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె రొట్టెలు కాలుస్తూ, "ఏమో, మామ చెప్పింది నిజమే గదా? మొత్తం ఒక్కసారే పేలినయ్. ఆకాశం నిండ పూలే పూలు. నేను మీ పక్కకే ఉంటి" అంది. ఆమెకు ఏ కమిటీ లేదు, అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు. ఆ రోజు ఒక్కో షాట్‌కీ చెల్లెలి చేయి పట్టుకుని "ఇగ జూడు, ఇగ జూడు" అని ఆమె అనడం నా చెవులారా విన్నాను.

కొన్నాళ్ళకు విచారణ అధికారి ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆ ఫోటో నేను తీసిందేనని ఒక ముక్క చెప్పి సంతకం పెట్టాలట. నల్ల అట్టతో సహా కెమెరా సంచీ భుజాన వేసుకుని వెళ్ళాను. ఆ సంచీ లేకుండా బయటికి వెళ్ళే అలవాటు నాకు లేదు.

అధికారి ఒక యువతి. బీదర్‌కు కొత్తగా వచ్చింది. గొంతు పెంచదు, కానీ ప్రశ్న వదలదు. గదిలో ఒక మూల నిర్ణా తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. ఇంకో మూల కుర్చీలో గాజుల దుకాణం ఆమె, రెండు చేతులకూ తెల్లటి కట్లతో. బల్ల మీద నా ఫోటో, పెద్దదిగా అచ్చు వేయించి.

"ఇదు యారు తెగెదిద్దు?" అని అడిగింది మేడం. ఎవరు తీశారని. నేనే అన్నాను. సంతకం పెట్టమని కాగితం జరిపింది. నేను కలం పట్టుకుని, ఊరికే ఉండలేక అన్నాను, మేడం, ఇవన్నీ ఒక్కసారి పేలినవి కావు.

ఆమె తలెత్తి చూసింది. "అక్కడున్న వాళ్ళందరూ ఒక్కసారే పేలాయని చెప్పారు. కాల్చిన మనిషి కూడా ఒప్పుకున్నాడు" అంది.

నిర్ణా తమ్ముడి వైపు తిరిగాను. ఒప్పుకున్నవా అని అడిగాను.

అతను తల ఎత్తలేదు. "ఒప్పుకున్న అన్నా."

"ఎందుకు? నువ్వట్ల చెయ్యలే గద!"

"నాకు యాదికున్నది ఒక్కొక్కటే కాల్చినట్టు. గని ఫోటోల అట్ల లేదు. ఎన్ని దినాలు జూసినా గట్లనే ఉన్నది. నా యాది తప్పయితది గని ఫోటో తప్పయితదా అన్నా? జాతరల పరేషాన్‌ల ముట్టిచ్చిననేమో. ఆ అక్క చేతులు జూస్తె అట్లనే అనిపిస్తుంది. మొత్తం నేనే ముట్టిచ్చిన."

చాలా ఏళ్ళుగా యాక్సిడెంట్లు, శవాలు, వరదలు అన్నీ ఫోటోలు తీసినవాణ్ణి. అవేవీ నన్ను అంత కదిలించలేదు. ఆ గదిలో మాత్రం సంతకం పెట్టకుండా కలం బల్ల మీద పెట్టేశాను. ఆ మనిషి తన చేతులతో చేసిన పనిని నా ఫోటో అతని తలలోంచి చెరిపేసింది. అతను దాని ముందు ఓడిపోయి, నిలబడి, శిక్ష కోసం చూస్తున్నాడు.

నేను గబగబా చెప్పుకుపోయాను. కన్ను తెరిచి ఉంచడం, అట్ట అడ్డం పెట్టడం, కేక వినగానే తీయడం. కెమెరాలోని అసలు ఫోటో తీసి, కన్ను ఎంతసేపు తెరిచి ఉందో కూడా చూపించాను. మేడం ఓపికగా విన్నది. "కన్ను చాలాసేపు తెరిచి ఉంది, ఒప్పుకుంటాను. అంతసేపట్లో ఒక్కసారే ఎందుకు పేలి ఉండకూడదు? మీరు చెప్పేది నాకు కంటికి కనబడాలి. ఇక్కడే చేసి చూపించగలరా?" అంది.

ఆమె ఆ మాట అడగడమే మాకు మేలైంది. చూపిస్తానన్నాను. బంట్రోతును పిలిచి కిటికీలు మూయించింది, వెలుతురు రాకుండా అద్దాలకు పాత గజెట్లు అడ్డం పెట్టించింది, లైట్లు ఆర్పించింది. నేను స్టాండు బిగించాను. నిర్ణా తమ్ముడి చేతికి నా ఫోన్ ఇచ్చి చెప్పాను. తలుపు దగ్గర నిలబడు, టార్చ్ నీ మొహం మీద వేసుకో, ఆర్పు. ఆ తర్వాత బీరువా దగ్గరికి పో, మళ్ళీ అట్లాగే. ఆ తర్వాత మేడం కుర్చీ పక్కకు రా.

"ముట్టిచ్చే ముందట కేకెయ్" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ కేక లేకుండా అట్ట తీయడం నా చేతికి చాతకాదనిపించింది.

చీకట్లో సన్నగా, సిగ్గుపడుతూ, "పోతాందీ" అన్నాడు. అట్ట తీశాను. తలుపు దగ్గర అతని మొహం వెలిగింది, ఆరింది. అట్ట పెట్టాను. అడుగుల చప్పుడు. "పోతాందీ." ఈసారి కొంచెం గట్టిగా. బీరువా దగ్గర వెలిగింది. అట్ట పెట్టాను. మూడోసారి మేడం పక్కన నిలబడి అరిచిన అరుపుకు బయట వరండాలో ఎవరో ఉలిక్కిపడి తలుపు కొట్టారు.

లైట్లు వేశారు. కెమెరా తెర మేడం ముందు పెట్టాను. ఒకే గదిలో ముగ్గురు నిర్ణా తమ్ముళ్ళు. తలుపు దగ్గర ఒకడు, బీరువా దగ్గర ఒకడు, ఆమె కుర్చీ పక్కన ఒకడు. ముగ్గురూ ఒకేసారి ఆమె వైపే చూస్తున్నారు. మేడం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

అతను వంగి చూశాడు. "నేను ముగ్గురిని లేను గద అన్నా?"

"లేవు తమ్మీ. ఒక్కనివే ఉన్నవ్."

"మరి ఆ దినం... నేను ఒక్కసారి ముట్టియ్యలేదా?"

తన చేతులు ఏం చేశాయో అతను నన్ను అడుగుతున్నాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాచుకోలేదు. "ఒక్కొక్కటే ముట్టిచ్చినవ్. ప్రతిదానికి ముందట అరిసినవ్. నువ్వు అరిసినప్పుడల్లా నేను అట్ట తీసిన. నువ్వు అరవకుంటె నా ఫోటోల ఒక్క పువ్వు గూడ ఉండకపోతుండె" అన్నాను.

అతను ఒక్కసారి గొంతు పట్టుకున్నాడు. "అవు అన్నా! తెల్లారి నా గొంతు పోయింది! పోలీసాయన అడుగుతుంటె మాట బయటికి రాలే. అరిసి అరిసి పోయింది. ఒక్కసారి అరిస్తె గట్ల పోతదా?" అని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు.

అప్పుడు మేడం గాజుల దుకాణం ఆమె వైపు తిరిగింది. అమ్మా, మీరు ఆకాశం చూశారా అని అడిగింది. ఆమె చిత్రంగా చూసి, "లే మేడం. నేను గిరాకికి గాజులు తొడుగుతున్న. ఆమె చెయ్యి జూస్తున్న, చెయ్యి జూడకుంటె గాజు పగిలి గుచ్చుకుంటది. ఆకాశం ఏడికెళ్ళి జూస్త? దవాఖానల ఫోటో జూపిచ్చిండ్రు, గప్పుడు జూసిన" అంది.

"మరి నిప్పు ఎటునుంచి వచ్చింది?"

"ఎనుకకెళ్ళి. నా వీపు ఎనుక చిటపట అన్నది. ముందే చెప్పిన మేడం, ఫోటోల గట్ల లేదన్నరు."

ఆ మాట విని మేడం కళ్ళు మూసుకుంది. ఒప్పుకోలు కాగితం తీసి పక్కన పెట్టి, జీపు తెమ్మంది. ఆ రోజే మైదానానికి వెళ్ళిందట. దుకాణాల వరుస వెనక జనరేటరు వైరు అతుకులేసి ఉంది, అతుకు చుట్టూ టేపు బదులు ప్లాస్టిక్ సంచీ చుట్టి ఉంది. సగం కాలిన ఆ వైరు గుంజకు వేలాడుతూనే ఉంది. అన్నాళ్ళూ ఎవరూ అటువైపు పోలేదు. అందరి కళ్ళూ నా ఫోటోలో ఆకాశం మీదే ఉన్నాయి.

నిర్ణా తమ్ముడి మీద కేసు కొట్టేశారు. లైసెన్సు తిరిగి ఇచ్చారు. లైట్లు పెట్టినవాళ్ళ మీద కేసు నడిచింది, గాజుల ఆమె వైద్యం ఖర్చు కమిటీ మీద పడింది. మామ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఫోటో ఎట్లా తీసిందో వివరిస్తూ మా పేపర్లో చిన్న వార్త వేశారు, లోపలి పేజీలో, పెళ్ళి ప్రకటనల పక్కన. రిపోర్టరు నా కుర్చీ మీది హెల్మెట్ తీసి, "కూసో భాయ్" అన్నాడు. ఆ తర్వాత అతను జరిగినచోటికి పోకుండా రాయడం మానేశాడని చెప్పలేను. కానీ రాసే ముందు నాకు ఫోన్ చేసి, "నిజంగ గట్లనే అయ్యిందా?" అని అడగడం మాత్రం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడు మళ్ళీ అదే మైదానంలో జాతర. నేను అప్పటికి రిటైరయ్యాను. కెమెరా తీసుకుపోలేదు, మా ఆవిడతో కలిసి ఊరికే చూడడానికి వెళ్ళాను. ప్రవేశ ద్వారం మీద కమిటీ వాళ్ళు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. నా ఫోటో. లోపల మామ నిర్ణా తమ్ముడితో వాదిస్తున్నాడు. "జనం ఆ ఫోటో జూసి వచ్చిండ్రు. గట్లనే కాల్చాలె."

"నేనెన్నడు గట్ల కాల్చలే మామా. కాల్చ." అతను మందు పెట్టెల వైపు నడిచాడు.

కాల్చాడు. ఒక్కొక్కటే. "పోతాందీ!" అని అరిచి, ముట్టించి, రవ్వలు రాలేదాకా మెడ సాచి చూసి, ఆ తర్వాతే ఇంకోటి. నాలుగైదు అయ్యేసరికి జనంలో గొణుగుడు మొదలైంది. కొల్హార్ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఈలలు వేశారు. "ఏంది గిది, ఒక్కొక్కటేనా? పోయినేడు లెక్క ఒక్కసారి కాల్చుండ్రి!" అని ఎవరో అరిచారు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. విచారణ అయింది, వార్త వచ్చింది, వైరు దొరికింది, ఇంత జరిగాక కూడా! మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, "నిజమేనండి, పోయినేడే మంచిగుండె" అంది. అన్నాక నా మొహం చూసి నాలుక్కరుచుకుంది.

అంతా అయ్యాక అతను నా దగ్గరికి వచ్చాడు. చేతుల నిండా మందు మసి. గొంతు బొంగురుపోయింది. జనం ఈలలు విన్నట్టే ఉన్నాడు. ఫ్లెక్సీ వైపు ఒకసారి చూసి, నన్ను పక్కకు తీసుకెళ్ళి, చాలా మెల్లగా అడిగాడు.

"అన్నా, నిజం చెప్పు. పోయినేడు గూడ నేను గిట్ల ఒక్కొక్కటే కాల్చిన గదా?"

"అవు తమ్మీ, ఒక్కొక్కటే" అన్నాను.

అతను తేలికపడి నవ్వి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి, ఆ పాత సాయంత్రాన్ని నాకోసం ఒకసారి చూసుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఎర్రది ముందా, పచ్చది ముందా, ఎంత వెతికినా దొరకలేదు. ఆకాశం నిండా పూలన్నీ ఒక్కసారే విచ్చుకుని ఉన్నాయి. కేక ఒక్కటి కూడా వినిపించలేదు.